ఫిస్టులా ఆపరేషన్‌కి చేతి బ్లాక్: మత్తుమందు లెక్క

ఉద్దానం కిడ్నీ రోగులకి ఏవీ ఫిస్టులా (డయాలసిస్ కోసం చేతిలో ధమనినీ సిరనీ కలపడం) పెట్టేటప్పుడు సుప్రాక్లావిక్యులర్ బ్లాక్ (కాలర్ ఎముక పైన, చేతికి వెళ్లే నరాల చుట్టూ మత్తుమందు వేయడం) బాగా పనికొస్తుంది. చెయ్యి మొద్దుబారడమే కాదు, సిరలూ విప్పారతాయి. నీరు పట్టి ఆయాసపడే మనిషికి మాత్రం చంకలో వేసే బ్లాకే మేలు, ఊపిరి ఆడించే కండరం డయాఫ్రం జోలికి పోదు.

జాగ్రత్త పడాల్సింది రక్తంలో చేరే మందు గురించి. యురీమియాలో (కిడ్నీలు చెడి రక్తంలో మలినాలు పేరుకున్నప్పుడు) రక్తప్రసరణ జోరుగా ఉండి మందుని తొందరగా రక్తంలోకి లాగేస్తుంది. అసిడోసిస్ (రక్తంలో ఆమ్లం పెరగడం) తోడైతే తక్కువ మోతాదుకే ఫిట్స్ వస్తాయి. అందుకని గరిష్ఠ మోతాదులో 10-20 శాతం తగ్గించాలి. బరువు డయాలసిస్ అయ్యాక చూసిందే తీసుకోండి, ఒంట్లో నీటికి మందు లెక్కగట్టకూడదు.

50 కిలోల మనిషి అనుకుందాం. బుపివకెయిన్ అనే మత్తుమందు కిలోకి 2 మి.గ్రా. చొప్పున 100, అందులో 20 శాతం పోతే 80 మి.గ్రా. 0.5 శాతం మందు 15 మి.లీ.కి సెలైన్ 5 మి.లీ. కలిపితే 0.375 శాతం మందు 20 మి.లీ. వస్తుంది, అంటే 75 మి.గ్రా. అల్ట్రాసౌండ్ ఉంటే ఇది సరిపోతుంది. పట్టడానికి అరగంట పట్టినా ఆగండి.

త్వరగా పట్టాలని లిగ్నోకెయిన్ అనే ఇంకో మత్తుమందు కలిపితే రెండింటి విషమూ కూడుతుంది. అడ్రినలిన్ లేని లిగ్నోకెయిన్ కిలోకి 4.5 మి.గ్రా.; ఈ మనిషికి తగ్గించాక 180. 2 శాతం మందు 5 మి.లీ. వేస్తే 100 మి.గ్రా., సగం కోటా దాటిపోయింది. ఇక బుపివకెయిన్ 36 మి.గ్రా. మించకూడదు, 0.5 శాతంలో సుమారు 7 మి.లీ. చాలామంది మరిచేది, సర్జన్ కోత దగ్గర పొడిచే లిగ్నోకెయిన్. ఆ సిరంజి కూడా ఈ లెక్కలోదే.

ప్రతి 3-5 మి.లీ.కి వెనక్కి లాగి చూడండి. రక్తం రాలేదని నిశ్చింత వద్దు. మందు నేరుగా రక్తనాళంలోకి పోతే క్షణాల్లో తెలుస్తుంది, మెల్లగా పీల్చుకున్నదైతే 20-30 నిమిషాలకి గరిష్ఠానికి చేరుతుంది. సరిగ్గా అప్పుడే అందరి చూపూ కోత మీద ఉంటుంది. లిగ్నోకెయిన్ మి.లీ.కి 5 మైక్రోగ్రాముల దగ్గర నాలుక తిమ్మిరి, 10 దగ్గర ఫిట్స్. బుపివకెయిన్‌కి అంత ఎడం ఉండదు, ఫిట్స్ వెనకే గుండె లయ తప్పుతుంది. ఆ స్థాయిని టేబుల్ దగ్గర కొలవలేం కాబట్టి రోగిని మాట్లాడిస్తూ ఉండాలి. "నాలిక మొద్దుబారిపోనాది", "చెవులు గుయ్యిమంటన్నాయి" అంటే భయంతో అంటున్నాడని కొట్టిపారేయకండి. నిద్రమత్తు మందు మిడజోలం ముందే ఎక్కువిస్తే ఈ మాటలే వినబడవు.

అలా అనగానే ఇంజెక్షన్ ఆపి ఆక్సిజన్ పెట్టండి. ఫిట్స్‌కి మిడజోలం. 20 శాతం లిపిడ్ ఎమల్షన్ (సిరలోకి ఎక్కించే కొవ్వు ద్రావణం, ఈ విషానికి విరుగుడు) కిలోకి 1.5 మి.లీ., అంటే 75 మి.లీ., రెండు మూడు నిమిషాల్లో. తర్వాత నిమిషానికి కిలోకి 0.25 మి.లీ.; మొత్తం కిలోకి 12 మి.లీ. దాటొద్దు. కొవ్వు ద్రావణంలోనే వచ్చే మత్తుమందు ప్రోపోఫాల్ దీనికి బదులు కాదు. గుండె ఆగితే అడ్రినలిన్ కిలోకి 1 మైక్రోగ్రామ్ లోపే ఇవ్వాలి. లిపిడ్ సీసా స్టోర్‌లో కాదు, బ్లాక్ వేసే గదిలోనే ఉండాలి. ఫిట్స్‌తోనే ఆగితే కనీసం 2 గంటలు, గుండె దాకా వెళ్తే 4-6 గంటలు మానిటర్ తీయొద్దు.