తుఫాను నెలలకు ముందు ఎన్‌ఎఫ్‌ఎస్ బోర్డు సర్దుకోండి

పర్లాకిమిడిలో అక్టోబరు అంటే దసరా ఒక్కటే కాదు. 2013లో ఫైలిన్ 12న, 2018లో తిత్లీ 11న తీరం దాటాయి, రెండూ ఈ నెలలోనే. తుఫాను రాకపోయినా ఉరుము ఉరిమితే చాలు, కరెంటు పోతూ వస్తూ ఉంటుంది. బీగిల్‌బోర్డ్ ఎక్స్‌ఎం లాంటి చిన్న లినక్స్ కంప్యూటర్ బోర్డు మీద ప్రాజెక్టు చేసే మన పిల్లలు చాలామంది, బోర్డు నడవడానికి కావలసిన ఫైళ్లన్నీ ఉండే రూట్ ఫైల్ సిస్టమ్‌ను ల్యాప్‌టాప్‌లో ఉంచి, ఎన్‌ఎఫ్‌ఎస్ (నెట్‌వర్క్ మీద ఫైళ్లు పంచుకునే పద్ధతి) ద్వారా బోర్డుకు ఇస్తారు. కోడ్ మార్చినప్పుడల్లా మెమరీ కార్డు తీసి పెట్టే బాధ ఉండదు. ఎండాకాలంలో హాయే. వానల్లో మాత్రం ల్యాప్‌టాప్, రౌటర్, తీగ, వీటిలో ఏది పోయినా బోర్డు కొయ్యబారిపోతుంది.

ముందు ల్యాప్‌టాప్ సంగతి. కరెంటు పోగానే బ్యాటరీ మిగులుతుందని మూత వేసేస్తాం. మూత వేస్తే అది నిద్రపోతుంది, దాంతో బోర్డుకు ఫైళ్లు ఇచ్చే సర్వరూ పోయినట్టే. మూత వేసినా నిద్రపోకుండా ఇప్పుడే సెట్టింగ్ మార్చండి. ల్యాప్‌టాప్ ఐపీని (నెట్‌వర్క్‌లో దాని అడ్రసు) మారకుండా రౌటర్‌లో కట్టేయండి. కరెంటు వచ్చాక రౌటర్ వేరే ఐపీ ఇచ్చిందంటే, బూట్ లైనులో (బోర్డు లేచేటప్పుడు చదివే సెట్టింగుల వరుస) రాసిన పాత అడ్రసు కోసం బోర్డు ఊరికే వెతుక్కుంటుంది.

బోర్డు ఐపీ ఇంకో తలనొప్పి. ఎక్స్‌ఎం మీద మ్యాక్ అడ్రసు (నెట్‌వర్క్ పోర్టు గుర్తింపు సంఖ్య) రాసి ఉన్న చిప్ లేదు, అందుకే బూట్ అయిన ప్రతిసారీ కొత్త మ్యాక్ పుట్టవచ్చు, దానితో పాటు కొత్త ఐపీ. పాత ఐపీకే అనుమతి ఉండి నిన్న పనిచేసిన ఎక్స్‌పోర్ట్ (సర్వర్ పంచే ఫోల్డరు) ఇవాళ 'పర్మిషన్ డినైడ్' అంటే ముందు ఇదే చూడండి. బూట్ లైనులోనే స్థిరమైన ఐపీ రాసేస్తే టెన్షన్ ఉండదు.

ఏ ఫోల్డరు ఎవరికి ఇవ్వాలో సర్వర్‌లో రాసే ఎక్స్‌పోర్ట్స్ ఫైల్లో ఒక చిన్న ఖాళీ పెద్ద గొడవ చేస్తుంది. ఐపీకి, బ్రాకెట్‌కు మధ్య ఖాళీ వదిలితే, బ్రాకెట్‌లోని రాసే హక్కు ఆ ఐపీకి కాక ఊరందరికీ పోతుంది. మీ బోర్డుకు చదవడం మాత్రమే మిగులుతుంది. రూట్ ఫైల్ సిస్టమ్ కోసమైతే, బోర్డు అడ్మిన్ హక్కులను సర్వర్ తీసేయకుండా 'నో రూట్ స్క్వాష్' కూడా ఉండాలి. మార్చాక ఎక్స్‌పోర్ట్స్‌ను మళ్లీ చదివించడం మరిచిపోవద్దు.

వేగం కోసం ఎక్స్‌పోర్ట్స్‌లో 'ఎసింక్' పెట్టుకున్నవాళ్లు ఈ తుఫాను నెలలు 'సింక్'కు మారిపోండి. ఎసింక్‌లో డిస్క్‌లో పడకముందే పడిందని బోర్డుకు జవాబు వెళ్తుంది. సర్వర్ డెస్క్‌టాప్ అయి, ఇన్వర్టర్ లేకపోతే, అప్పుడే రాసిన ఫైలు గోవిందా. కొంచెం నిదానమైనా నేను సింకే వాడతాను.

సర్వర్ 'నాట్ రెస్పాండింగ్, స్టిల్ ట్రయింగ్' అని కన్సోల్‌లో వస్తే కంగారుపడి బోర్డు తీగ లాగేయకండి. హార్డ్ మౌంట్ (సర్వర్ వచ్చేదాకా వదలకుండా అడిగే పద్ధతి) అయితే సర్వర్ తిరిగి రాగానే పని ఆగిన చోటి నుంచే సాగుతుంది. ఎన్‌ఎఫ్‌ఎస్ వెర్షన్ 4 షేర్లలో సర్వర్ రీబూట్ అయ్యాక 90 సెకన్ల దాకా ఫైళ్లు తెరుచుకోకపోవచ్చు. అది జబ్బు కాదు, పాత కనెక్షన్లు తిరిగి చేరేందుకు సర్వర్ పెట్టుకున్న గడువు.

కరెంటు తిరిగి వచ్చినప్పుడు బోర్డు అందరికంటే ముందు లేచి, సర్వర్ కనపడక కెర్నల్ ప్యానిక్‌లో పడుతుంది, అంటే లినక్స్ చేతులెత్తేసి ఆగిపోతుంది. బూట్ లైనులో 'ప్యానిక్=10' చేర్చండి, పది సెకన్లకు తనే రీబూట్ అయి మళ్లీ ప్రయత్నిస్తుంది. బోర్డులో నెట్‌వర్క్ మేనేజర్ ఉంటే ఆ ఈథర్‌నెట్ జోలికి పోకుండా చేయండి. రూట్ వస్తున్న తీగనే అది ఆపి మళ్లీ మొదలెడితే, కూర్చున్న కొమ్మను నరుక్కున్నట్టే.

పిడుగులు మొదలవకముందే, పవర్ ప్లగ్ ఒక్కటి తీస్తే చాలదు. ఈథర్‌నెట్, సీరియల్ తీగలు కూడా తీయండి. ముందు బోర్డును మామూలుగా షట్‌డౌన్ చేసి, తర్వాతే తీగలు.

చివరిగా, పూర్తి రూట్ ఉన్న స్పేర్ కార్డు ఒకటి ఉంచుకోండి. వానలకు ముందే దానితో ఒకసారి బూట్ చేసి చూడండి. నాది మూడేళ్లు పెన్ను స్టాండులో భద్రంగా ఉండి, కావలసిన రోజు రీడ్ అవలేదు.