టమాటా, కీరా కలిపి పండించే పాలీహౌస్‌కు సబ్సిడీ: దరఖాస్తు విధానం

ఇంటి పక్కనున్న పది పన్నెండు సెంట్లలో పాలీహౌస్, అంటే ప్లాస్టిక్ షీటు కప్పిన పందిరి వేసి, ఒకే కప్పు కింద టమాటా, కీరా పండిద్దామనుకునే రైతులకు ఉద్యాన శాఖ నుంచి సబ్సిడీ దొరుకుతుంది. ఈ డబ్బు సమీకృత ఉద్యాన అభివృద్ధి మిషన్‌ది. ఆఫీసుల్లో ఎంఐడీహెచ్ అనే అంటారు. 2014-15లో మొదలైన ఈ పథకానికి మన రెండు తెలుగు రాష్ట్రాల్లో కేంద్రం 60 శాతం, రాష్ట్రం 40 శాతం భరిస్తాయి. దరఖాస్తులో సర్వే నంబరు, పట్టాదారు పాసు పుస్తకం అడుగుతారు కాబట్టి మిద్దె మీద వేసుకునే చిన్న గ్రీన్‌హౌస్‌కు ఈ దారి పనికిరాదు.

అన్నిటికంటే ముందు ఒక హెచ్చరిక. మంజూరు పత్రం చేతికి రాకముందు పునాది గుంత కూడా తవ్వొద్దు. "సబ్సిడీ సంగతి మేం చూసుకుంటాం, ముందు అడ్వాన్స్ కట్టండి" అని తొందరపెట్టే ఏజెంట్లు ఉంటారు. అధికారి ఖాళీ స్థలాన్ని చూసి, ఫొటో తీసి, ఆ తర్వాతే ఫైలు కదుపుతారు. అప్పటికే పైపులు నిలబడి ఉంటే ఆ ఫైలు అక్కడితో ఆగిపోయినట్టే.

ఆంధ్రప్రదేశ్‌లో అయితే రైతు సేవా కేంద్రంలో ఉండే గ్రామ ఉద్యాన సహాయకులను కలవాలి. తెలంగాణలో మీ ప్రాంత ఉద్యాన అధికారి దగ్గరికి వెళ్లాలి. ఏటా జిల్లాకు ఇంత విస్తీర్ణం అని లక్ష్యం వస్తుంది, అది నిండితే మళ్లీ వచ్చే ఏడాదే. అందుకే ఆర్థిక సంవత్సరం మొదట్లోనే, ఏప్రిల్, మే నెలల్లోనే ఆరా తీయడం మంచిది. ఫిబ్రవరిలో వెళ్తే మర్యాదగా కూర్చోబెట్టి మాట్లాడతారు, పని మాత్రం కాదు.

కాగితాల విషయంలో పెద్ద టెన్షన్ అక్కర్లేదు. ఆధార్, పాసు పుస్తకం, 1బి లేదా పహణీ నకలు, ఆధార్‌తో లింకైన బ్యాంకు ఖాతా పుస్తకం, ఫొటోలు, రిజర్వేషన్ వర్తిస్తే కుల ధ్రువీకరణ పత్రం, మట్టి, నీటి పరీక్షల రిపోర్టులు, శాఖ గుర్తించిన కంపెనీ ఇచ్చిన కొటేషన్. పాసు పుస్తకంలో పేరు, ఆధార్‌లో పేరు ఒకేలా ఉన్నాయో లేదో ఇంట్లోనే సరిచూసుకోండి. ఇంటిపేరు ఒకచోట ముందు, ఇంకోచోట వెనక ఉన్నా ఫైలు తిరిగి రావచ్చు. భూమి ఇంకా తండ్రి పేరు మీదే ఉంటే దరఖాస్తు కూడా ఆయన పేరు మీదే పెట్టడం సులువు.

మట్టి పరీక్షను మొక్కుబడిగా చేయించొద్దు. పాలీహౌస్‌లో వాన పడదు, కాబట్టి నీటిలోని ఉప్పు, ఎరువుల ఉప్పు కిందికి కొట్టుకుపోక వేర్ల దగ్గరే పేరుకుంటాయి. బోరు నీరు చౌడుగా ఉంటే టమాటా, కీరా రెండూ దెబ్బతింటాయి. మట్టిలో నులిపురుగులు (నెమటోడ్లు) ఉన్నాయేమో కూడా చూపించండి. అవి టమాటా వేర్లకూ పడతాయి, కీరా వేర్లకూ పడతాయి. కాబట్టి ఈ ఏడు ఒకటి వేసి మరుసటి ఏడు రెండోది వేసినా వాటి బెడద పోదు.

ఇక లెక్క. 2014 నిబంధనల్లో, గాలి సహజంగా ఆడే గొట్టాల పాలీహౌస్‌కు 500 చదరపు మీటర్ల వరకు చదరపు మీటరు ఖర్చు 1,060 రూపాయలు. అందులో సగం సబ్సిడీ. 500 చదరపు మీటర్లు అంటే పన్నెండు సెంట్ల పైచిలుకు. ఖర్చు 5,30,000, సబ్సిడీ 2,65,000. షీటు బదులు నీడనిచ్చే వల కప్పే గొట్టాల షేడ్‌నెట్‌కు అదే పట్టికలో చదరపు మీటరుకు 710. లోపల కూరగాయల సాగుకు వేరేగా చదరపు మీటరుకు 140 రూపాయల ఖర్చు చూపి, దానిలోనూ సగం ఇచ్చేవారు. 2025లో ఈ మార్గదర్శకాలను సవరించారు, రేట్లు పెరిగాయి. కాబట్టి ఈ అంకెలను లెక్క కట్టే తీరు తెలియడానికే చూడండి, మీ ఫైలుకు వర్తించే రేటు ఆఫీసులో రాయించుకోండి. కొటేషన్ ప్రభుత్వ రేటు కంటే ఎక్కువ ఉంటే ఆ తేడా మొత్తం మీ జేబులోంచే పోతుంది. సగం వస్తుందని అనుకుని అప్పుచేసినవాళ్లు ఇబ్బందిపడేది ఇక్కడే.

దరఖాస్తులో "వేయబోయే పంట" అనే గడి ఒకటుంటుంది. చాలామంది "కూరగాయలు" అని రాసి వదిలేస్తారు. రెండు పంటలు కలిపి వేసేవాళ్లు మాత్రం ఇక్కడ ఆలోచించి రాయాలి, ఎందుకంటే కట్టడం నమూనా దీన్ని బట్టే మారాలి.

కీరాకు తేమ గాలి ఇష్టం. టమాటాకు గాలి కాస్త పొడిగా, ఎప్పుడూ కదులుతూ ఉండాలి. తేమ మరీ ఎక్కువైతే టమాటా పూలలో పుప్పొడి ముద్దకట్టి రాలదు, ఆకుల మీద తెగుళ్లూ పెరుగుతాయి. అందుకని టమాటా వరుసలు పక్క తెరల వైపు, కీరా వరుసలు గాలి తక్కువ ఆడే లోపలి వైపు అని స్కెచ్‌లో గీయండి. మధ్యలో పైనుంచి కిందికి ఒక తెర వేలాడదీస్తే ఇంకా నయం. డ్రిప్‌లో రెండు పంటలకు రెండు వాల్వులు పెట్టించండి. కాపు మీదున్న కీరా తాగినన్ని నీళ్లు టమాటాకు ఇస్తే కాయలు పగులుతాయి. డ్రిప్‌కు సూక్ష్మసేద్యం పథకం వేరే ఉంది. ఒకే పరికరానికి రెండు చోట్ల సబ్సిడీ రాదు కాబట్టి ఏది ఎందులో చూపిస్తున్నారో ముందే తేల్చుకోండి.

తేనెటీగల సంగతి కూడా ఇక్కడే. పాలీహౌస్‌కు పరాగ సంపర్కం లేకుండానే కాసే కీరా రకాలు తీసుకోవాలి. కీటకాల నెట్ దాటి తేనెటీగ లోపలికి రాదు, మామూలు రకం వేస్తే పూలు పూసి రాలిపోతాయి. టమాటా పువ్వు తనంతట తానే ఫలదీకరణ చెందుతుంది, కానీ బయట గాలి చేసే పని లోపల మనం చేయాలి. పొద్దున పూట తీగ కట్టిన తాడును వేలితో తడితే పసుపు పొడి రాలడం కంటికి కనిపిస్తుంది.

పంట కాలం కూడా రాయండి. కీరా విత్తిన నెలన్నర లోపే కోతకొచ్చి మూడు నెలల్లో ముగుస్తుంది. తీగ టమాటా నెలల తరబడి నిలుస్తుంది. టమాటా ఒక కాపు నడిచేలోపు కీరా రెండు కాపులు తీయొచ్చు. ఇలా రాసిన దరఖాస్తు చూస్తే, ఈ మనిషి నిజంగా పండిస్తాడని అధికారికి అర్థమవుతుంది.

పాలీహౌసా, షేడ్‌నెట్టా? మన మైదాన ప్రాంతాల్లో ఏప్రిల్, మే ఎండలకు ప్లాస్టిక్ కప్పు కింద వేడి ఇంకా పెరుగుతుంది. పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రి కూడా చల్లబడకపోతే టమాటా పూత నిలవదు. మదనపల్లె టమాటాకు పేరు రావడంలో ఆ ఎత్తు ప్రదేశపు చల్లదనం పాత్ర కూడా ఉంది. కృష్ణా, గుంటూరు, ఖమ్మం వైపు వాళ్లు షేడ్‌నెట్ గురించి గట్టిగా ఆలోచించాలని నా అభిప్రాయం. వాన ఆపదు, కానీ ఖర్చు తక్కువ, ఊపిరాడుతుంది.

మంజూరు వచ్చాక మీ వాటా కట్టి, కంపెనీతో ఒప్పందం రాసుకోవాలి. అందులో జీఐ (జింకు పూత ఇనుప) పైపు మందం, 200 మైక్రాన్ల యూవీ షీటు, కీటకాల నెట్ మెష్, పంట బరువు మోసే తీగలు విడివిడిగా రాయించండి. కాయల బరువంతా పై తీగల మీదే వేలాడుతుంది, అవి సన్నగా ఉంటే కప్పు వంగుతుంది. షీటుకు ఎన్నేళ్ల వారంటీ అనేది కూడా కాగితం మీదే ఉండాలి.

పని పూర్తయ్యాక అధికారులు వచ్చి పొడవు, వెడల్పు, ఎత్తు కొలుస్తారు, పైపు మందం చూస్తారు, లొకేషన్ నమోదయ్యేలా మిమ్మల్ని నిలబెట్టి ఫొటో తీస్తారు. ఆ రోజు కంపెనీ మనిషినీ రమ్మనండి. కొలతలో తేడా వస్తే అక్కడికక్కడే మాట్లాడుకోవచ్చు. మంజూరైన దానికంటే విస్తీర్ణం తగ్గితే ఆ మేరకు సబ్సిడీ కూడా తగ్గుతుంది. సబ్సిడీ మీ ఖాతాకు వస్తుందా, మీ సమ్మతితో నేరుగా కంపెనీకి వెళ్తుందా అన్నది మంజూరు పత్రంలోనే ఉంటుంది. సమ్మతి పత్రం మీద సంతకం పెట్టేముందు ఆ పేరా ఒకటికి రెండుసార్లు చదవండి, బిల్లుల జిరాక్సులు మీ దగ్గర ఒక సెట్ ఉంచుకోండి.