స్కిన్ ట్రీట్‌మెంట్‌కి మంచి డాక్టర్‌ని వెతుక్కోవడం ఎలా (ఊరు మరీ పెద్దది కానప్పుడు)

పెద్ద సిటీలో బోలెడంత మంది ఉంటారు, చిన్న ఊర్లో ఉన్న ఒక్కరి దగ్గరికే వెళ్తాం, ఇబ్బందంతా మధ్యరకం ఊర్లలోనే. స్కిన్ క్లినిక్, లేజర్ సెంటర్, ఈస్తటిక్ స్టూడియో అని బోర్డులు చాలానే కనిపిస్తాయి కానీ లోపల చేసేది ఎవరో తెలీదు. మా చెల్లి బుగ్గల మీద మంగు మచ్చలకి అలాంటి చోటే కెమికల్ పీల్ (మందు రాసి చర్మం పై పొర ఊడేలా చేయడం) చేయించుకుంది, తెల్ల కోటు చూసి ఆవిడ డాక్టరే అనుకుంది. మూడో రోజుకి బుగ్గలు కాలినట్టు ఎర్రగా అయిపోయాయి, ఇంకో వారానికి పాత మంగు కంటే ముదురు మచ్చలు తేలాయి. ఫోన్ చేస్తే "డాక్టర్ గారు నెలకోసారి వస్తారమ్మా, ఈసారి వచ్చినప్పుడు రండి" అన్నారు. ఆ మచ్చలు తగ్గడానికి ఎనిమిది నెలలు పట్టింది. అందుకే నేను ఎవరికైనా ముందు చెప్పేది ఇదే, ట్రీట్‌మెంట్ ఎవరు చేస్తారు అనేదాంతో పాటు మర్నాడు ఏదైనా తేడా వస్తే ఎవరు చూస్తారు అని అడగండి.

లేజర్ కావాలి, పీల్ కావాలి అని మనమే డిసైడ్ అయిపోయి వెళ్ళకూడదు. అసలు ఆ మచ్చ ఏంటో ముందు డెర్మటాలజిస్ట్ చూసి చెప్పాలి. మంగు వేరు, మొటిమ తగ్గాక మిగిలే నల్ల మచ్చ వేరు, పుట్టుమచ్చ వేరు. మంగుకి ఎక్కువ వేడి తగిలితే ఇంకా ముదిరే ఛాన్స్ ఉంది. ఇక సైజు, రంగు మారుతున్న పుట్టుమచ్చని అయితే చూపించకుండా లేజర్‌తో అస్సలు తీయించొద్దు, పైన రంగు పోతుంది గానీ అడుగున క్యాన్సర్ కణాలు ఉంటే అవి అలాగే ఉండిపోతాయి, తర్వాత కనిపెట్టడం కూడా కష్టం.

డిగ్రీ సంగతి. చర్మ వ్యాధుల్లో పీజీ చేసిన డాక్టర్ వేరు, కొద్ది రోజుల కాస్మెటాలజీ కోర్సు సర్టిఫికెట్ గోడకి తగిలించుకున్నవాళ్ళు వేరు. మెడికల్ కౌన్సిల్ రిజిస్టర్‌లో పేరు కొట్టి చూడండి, ఐదు నిమిషాల పని.

తర్వాత క్లినిక్‌కి ఫోన్ చేయండి. డాక్టర్ వారంలో ఎన్ని రోజులు ఉంటారు, మెషిన్ పట్టుకునేది డాక్టరా టెక్నీషియనా, టెస్ట్ ప్యాచ్ (ముందు చిన్న చోట చేసి చూడటం) చేస్తారా, ఏ లేజర్ వాడతారు అని అడగండి. "అవన్నీ వచ్చాక మాట్లాడదాం మేడమ్, ముందు ప్యాకేజ్ బుక్ చేసుకోండి" అంటే అక్కడితో పెట్టేయండి.

ఏ లేజర్ అని ఎందుకు అడగాలంటే, 1975లో ఫిట్జ్‌పాట్రిక్ అనే డాక్టర్ ఎండకి కందే తీరుని బట్టి చర్మాన్ని రకాలుగా విడగొట్టారు, ఇప్పుడవి ఆరు, చామనచాయ నుంచి నలుపు దాకా ఉన్నవాళ్ళు మామూలుగా నాలుగు నుంచి ఆరులోకి వస్తారు. ఈ చర్మంలో మెలనిన్ (చర్మానికి రంగునిచ్చే పదార్థం) ఎక్కువ, లేజర్ వేడిని అదే లాగేసుకుంటుంది, కాలితే మచ్చ పడుతుంది. అవాంఛిత రోమాలకి 1064 నానోమీటర్ల (అంటే ఆ కాంతి తరంగం పొడవు) ఎన్డీయాగ్ లేజర్ లోతుకి వెళ్తుంది, మెలనిన్ దాన్ని తక్కువ పీల్చుకుంటుంది కాబట్టి ఇలాంటి చర్మానికి అది కాస్త సేఫ్, అదే 755 నానోమీటర్ల అలెగ్జాండ్రైట్ లేజర్‌తో అయితే కాలే రిస్క్ ఎక్కువ. మీ స్కిన్ టైప్ ఏదో చెప్పలేని మనిషి చేతికి మీ మొహం అప్పగించొద్దు.

ఫిల్లర్లు (పెదవులు, బుగ్గలు నిండుగా కనిపించడానికి చేసే ఇంజెక్షన్లు) అయితే ఇంకో ప్రశ్న తప్పనిసరి, "హయలురోనిడేజ్ మీ దగ్గర రెడీగా ఉందా?" హయలురోనిక్ యాసిడ్ ఫిల్లర్ పొరపాటున రక్తనాళంలోకి వెళ్తే దాన్ని కరిగించే మందు అది. అలా జరిగితే చర్మం తెల్లగా పాలిపోతుంది, విపరీతమైన నొప్పి రావచ్చు, అరుదుగా కంటిచూపే పోవచ్చు, ఇదంతా గంటల వ్యవహారం. పొద్దున వచ్చి సాయంత్రం ట్రైనెక్కే డాక్టర్ దగ్గర, ఊర్లో ఇంకెవరూ చూసుకునేవాళ్ళు లేకుండా, ఫిల్లర్ వద్దే వద్దు.

కన్సల్టేషన్‌లో మంచి డాక్టర్ ఏం చేస్తారో చెప్తా. మేకప్ తుడిచి రమ్మంటారు, వెలుతురులో చూస్తారు, డెర్మోస్కోప్ (చర్మాన్ని పెద్దది చేసి చూపే లెన్స్) పెట్టి చూస్తారు, ఫొటో తీస్తారు. ఐసోట్రెటినాయిన్ (మొటిమలకి ఇచ్చే మందు) వాడుతున్నారా, ప్రెగ్నెన్సీనా, దెబ్బ తగిలిన చోట మచ్చ కెలాయిడ్‌లా గట్టిగా ఉబ్బుతుందా, పెదవి మీద జ్వరపు పొక్కులు వస్తాయా అని అడుగుతారు. మీరు రాసుకునే ట్యూబులన్నీ ఒక కవర్లో వేసి తీసుకెళ్ళండి, తెల్లబడడానికని వాడే కొన్ని క్రీముల్లో స్టెరాయిడ్ ఉంటుంది, మనకి తెలీదు. చెల్లికి చివరికి మెడికల్ కాలేజీ ఆస్పత్రి స్కిన్ ఓపీలో మంచి డాక్టర్ దొరికారు (నిజంగా, అక్కడ ప్రొఫెసర్లే కూర్చుంటారు, ఎవరికీ గుర్తురాదు). ఆవిడ రెండు నెలలు సన్‌స్క్రీన్, రాత్రి ఒక క్రీమ్ తప్ప ఏమీ ఇవ్వలేదు, లేజర్ అడిగితే "ఇప్పుడు వద్దు" అన్నారు. వద్దు అనగలిగే డాక్టర్‌నే నమ్మాలని నాకు అప్పుడే అనిపించింది.

డబ్బులు ఒక్క సిట్టింగ్‌కే కట్టండి, ఎంత డిస్కౌంట్ ఇచ్చినా సరే. ఊర్లో సరైన మెషిన్ లేక పక్క సిటీకి వెళ్ళాల్సి వస్తే, వెళ్ళే ముందే ఇక్కడి డెర్మటాలజిస్ట్ ఒకరిని ఫాలోఅప్‌కి ఒప్పించుకోండి. చేయించుకున్న రోజు రాత్రి ఏదైనా అయితే ఎవరికి ఫోన్ చేయాలో నంబర్ రాయించుకోండి, క్లినిక్ గుమ్మం దాటకముందే ఆ నంబర్‌కి ఒకసారి రింగ్ ఇచ్చి ఎవరు ఎత్తుతారో చూడండి.