ముత్తాత, తాతమ్మల కథ రాయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

మా తాతమ్మ పుట్టింటి ఇంటిపేరు ఏమిటో మా వాళ్ళలో బతికున్న ఎవరికీ తెలియదు. ముత్తాత పేరు పాత అడంగల్‌లో (ఊళ్ళో ఏ పొలం ఎవరిది, ఎవరు సాగు చేస్తున్నారు అని రాసే లెక్క) ఉంది, పొలం దస్తావేజులో ఉంది. ఆమె పేరు ఏ కాగితంలోనూ లేదు. చివరికి అటక మీదున్న ఇత్తడి బిందె చెప్పింది. చింతపండుతో తోమి, మెడ కింద బియ్యప్పిండి రుద్దితే చుక్కలు చుక్కలుగా కొట్టిన అక్షరాలు తేలాయి. పుట్టింటివాళ్ళ ఇంటిపేరు, సారె పెట్టిన ఏడాది పేరు. ఆ రోజు నుంచి నాకు ఇదే పని.

తెలుగు పల్లెల్లో వ్యవసాయం, కూలి, చేతివృత్తి చేసుకుని బతికిన మనిషి జీవితం ఒక్కచోట దొరకదు. నేను చేసిన క్రమంలోనే చెబుతాను.

1. ఇంట్లో పెద్దవాళ్ళతో ఈ వారమే కూర్చోండి

కాగితాలు వచ్చే ఏడాదికీ ఉంటాయి. ఎనభై అయిదేళ్ళ మేనత్త జ్ఞాపకం అలా ఆగదు. ఫోన్‌లో రికార్డర్ ఆన్ చేసి, మొదట తేదీ, మాట్లాడేవాళ్ళ పేరు, ఊరు చెప్పండి. "మీ తాత ఎలాంటివాడు?" అని అడిగితే "మంచివాడు" అంటారు, అక్కడితో అయిపోతుంది. అందుకని ఇల్లు గీయించండి. గుమ్మం ఏ దిక్కుకు ఉండేది, పొయ్యి ఎక్కడ, బావి ఎంత దూరం, ఎద్దులు ఎక్కడ కట్టేవాళ్ళు, రాత్రి ఎవరు ఎక్కడ పడుకునేవాళ్ళు అని అడగండి. మా మేనత్త దొడ్లో పాక గీస్తూ గీస్తూ, "ఇక్కడే మా నాయనమ్మ మగ్గం గుంట ఉండేది" అంది. మా ఇంట్లో నేత ఉండేదని నాకు అప్పటిదాకా తెలియదు.

ఇద్దరు పెద్దవాళ్ళను కలిపి కూర్చోబెడితే ఇంకా మంచిది. ఒకరు తప్పు చెబితే రెండోవాళ్ళు ఊరుకోరు. వేరే ఊరికి కోడళ్ళుగా వెళ్ళిన ఆడపడుచులను అసలు మరిచిపోకండి. నా అనుభవంలో పుట్టింటి సంగతులు వాళ్ళకు గుర్తున్నంతగా ఊళ్ళో ఉండిపోయిన మగవాళ్ళకు గుర్తుండవు.

2. సామాన్లు, ట్రంకు పెట్టెలు చూడండి

బిందెలు, గంగాళాలు, పళ్ళేల అంచులు చూడండి. పెళ్ళికి, సారెకు, కర్మకు ఇచ్చిన వాటి మీద పేర్లు కొట్టించేవాళ్ళు. ఆడవాళ్ళ పేర్లు నాకు ఎక్కువగా దొరికింది వీటి మీదే. పాత ఫోటోల వెనక, పురాణ పుస్తకాల మొదటి పేజీల్లో, జాతక చక్రాల్లో కూడా వెతకండి. ప్రామిసరీ నోట్లు, స్టాంపు కాగితాలు ఉంటే పంట పండినట్టే.

ఒక జాగ్రత్త. పాత కాగితాలు అడగగానే బంధువులకు టెన్షన్ మొదలవుతుంది, పొలం వాటా కోసం వచ్చారనుకుంటారు. మా దగ్గర ఒక ఇంట్లో ఇలాగే తలుపు మూసుకుపోయింది, మళ్ళీ తెరుచుకోవడానికి ఏడాది పట్టింది. కాబట్టి వచ్చిన పని ముందే చెప్పండి. కాగితం తీసుకెళ్ళొద్దు. వాళ్ళ ముందే ఫోటో తీసి, వాళ్ళ చేతికే ఇచ్చేయండి.

3. తేదీలు లేని మాటలను సంవత్సరాలకు కట్టండి

"ఎప్పుడు పుట్టారు?" అంటే పెద్దవాళ్ళు అంకె చెప్పరు. "కరువు ఏడు", "గాలివాన వచ్చిన ఏడు" అంటారు. ఆ మాటలే మనకు పట్టుకొమ్మలు. 1864 నవంబర్‌లో బందరు ఉప్పెన, 1876-78 నాటి ధాత కరువు, 1918లో ఇంటింటికీ పాకిన ఇన్‌ఫ్లుయెంజా, 1942లో జపాన్ దాడులకు భయపడి రంగూన్ నుంచి మనవాళ్ళు తిరిగిరావడం, 1948 సెప్టెంబర్‌లో హైదరాబాద్ పోలీస్ యాక్షన్, 1977 నవంబర్ 19 దివిసీమ ఉప్పెన. ఇలాంటివి ఒక కాగితం మీద వరుసగా రాసుకుని పక్కన పెట్టుకోండి.

తెలుగు సంవత్సరం పేరు దొరికితే ఇంకా దగ్గరికి వస్తాం. ఆ పేరు అరవై ఏళ్ళకోసారి తిరిగి వస్తుంది. మా బిందె మీద ఉన్నది కాళయుక్తి. అంటే 1858, 1918, 1978లలో ఉగాదితో మొదలైన ఏడాది ఏదో ఒకటి. తాతమ్మ పెద్ద కూతురు, అంటే మా నాయనమ్మ, "నేను చంటిపిల్లగా ఉన్నప్పుడు ఊళ్ళో జ్వరాలతో చాలామంది పోయారట" అనేది. 1918 తప్ప ఇంకేదీ కుదరదు. మొదటి కాన్పు సారె అన్నమాట. దాన్నిబట్టి తాతమ్మ 1900 అటూ ఇటూగా పుట్టి ఉంటుందని లెక్క కట్టాం.

స్కూల్ రికార్డులోని పుట్టిన తేదీని మాత్రం గుడ్డిగా నమ్మొద్దు. బడిలో చేర్చుకునేటప్పుడు అయ్యవారు వయసు చూసి జూన్‌లోనో జూలైలోనో ఒక తేదీ వేసేసేవారు.

4. భూమి రికార్డులు

ఆంధ్ర ప్రాంతంలో రీసర్వే సెటిల్మెంట్ రిజిస్టర్ (ఆర్‌ఎస్‌ఆర్), అడంగళ్ళు, ఎస్టేటు (జమీందారీ) లేదా ఇనాం (మాన్యం) గ్రామమైతే వాటి రికార్డులు చూడాలి. తెలంగాణలో సేత్వార్ (సర్వే అయ్యాక పట్టాదారుల పేర్లతో రాసిన రికార్డు), 1954-55 ఖాస్రా పహాణీ, తర్వాతి పహాణీలు (అడంగల్ లాంటివే). సర్వే నంబరు తెలిస్తే తహసీల్దారు కార్యాలయంలో నకలుకు దరఖాస్తు పెట్టొచ్చు, జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం ఉంది. 1983 నుంచి జరిగిన రిజిస్ట్రేషన్లకు ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీల పత్రం) ఆన్‌లైన్‌లో చూడొచ్చు, అంతకు ముందువాటికి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్ళాల్సిందే.

పాత లెక్కల్లో ఫసలీ సంవత్సరం (శిస్తు లెక్కల ఏడాది) కనిపిస్తుంది. దానికి 590 కలపండి. ఫసలీ 1338 అంటే 1928లో మొదలైన లెక్క.

దస్తావేజు దొరికితే ధర చూసి పక్కన పెట్టేయకండి, హద్దులు చదవండి. "తూర్పు ఫలానావారి చేను, దక్షిణం డొంక" అని ఉంటుంది. పక్క చేను తరచుగా అన్నదమ్ములదే, పంపకం జరిగిందని అక్కడే తెలుస్తుంది. సాక్షులు ఎవరు, దస్తూరి ఎవరిది, సంతకమా వేలిముద్రా అన్నవీ చూడండి. మా ముత్తాత 1928 కాగితంలో వేలిముద్ర వేశాడు, పదకొండేళ్ళ తర్వాతి కాగితంలో వంకర అక్షరాలతో సంతకం పెట్టాడు. నడివయసులో అక్షరాలు దిద్దాడన్నమాట. ఆ రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూస్తూ కూర్చున్నాను.

1984లో కరణాల, పటేల్ పట్వారీల వ్యవస్థ రద్దయింది. ఆ కుటుంబాలను కూడా ఒకసారి పలకరించండి.

5. భూమి లేనివాళ్ళ జాడ

సెంటు భూమి లేని మనిషి పహాణీలో పట్టాదారుగా దొరకడు, సాగుదారు గడిలో దొరకొచ్చు. క్రైస్తవ కుటుంబమైతే చర్చి బాప్తిస్మ రిజిస్టర్లో తల్లిదండ్రుల పేర్లు ఉంటాయి. తర్పణాలు వదిలే ఇళ్ళలో మూడు తరాల పేర్లు నోటికి వస్తాయి, అమ్మమ్మల పేర్లతో సహా. కాశీ, గయ వెళ్ళినవాళ్ళుంటే అక్కడి పండాల (తీర్థ పురోహితుల) బహీలు, అంటే యాత్రికుల పేర్లు రాసుకునే పుస్తకాలు ఉన్నాయి. కొన్ని కులాల గోత్రాలు, వంశావళి వంశరాజ్ అనే కులంవాళ్ళు ఊరూరా తిరిగి చెప్పేవారు.

ఓడెక్కి పోయినవాళ్ళుంటే ఆశ వదలొద్దు. మారిషస్‌కు, దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు ఒప్పంద కూలీలుగా వెళ్ళినవారి జాబితాల్లో పేరు, వయసు, తండ్రి పేరు, ఊరు రాసుకున్నారు. బర్మాలో మనవాళ్ళను కోరంగి రేవు పేరుతో కోరంగీలనే పిలిచేవారు, వెతికేటప్పుడు ఆ మాట పనికొస్తుంది.

6. రాయడం

మనవడికి తాత పేరు పెట్టడం మన అలవాటు కాబట్టి, ఒకే పేరున్న ఇద్దరిని ఒక్కడిగా కలిపేయకండి. ప్రతి సంగతి పక్కన అది ఎవరు చెప్పారో, ఏ కాగితంలో ఉందో రాయండి. రెండు కథలు పొసగకపోతే రెండూ ఉంచండి. అప్పులు, రెండో పెళ్ళి, అన్నదమ్ముల కోర్టు గొడవ కూడా ఆ మనిషి జీవితమే. కానీ బతికున్నవాళ్ళను నొప్పించే సంగతి ఉంటే వాళ్ళను అడిగాకే రాయండి.

ముగించాక పెద్ద అక్షరాలతో ప్రింట్ తీసి, ఇంట్లో అందరికన్నా పెద్దవాళ్ళకు గట్టిగా చదివి వినిపించండి, పెన్ను చేతిలో ఉంచుకుని. మా మేనత్త మూడో పేజీ దగ్గర చెయ్యి పట్టుకుని ఆపింది. "బిందె ఒక్కటే రాశావేంట్రా, జత వచ్చింది. రెండోది పెళ్ళప్పుడు నాకిచ్చారు. మా ఇంట్లోనే ఉంది, రేపు వచ్చి చూసుకో."