బీచ్‌లో పెళ్ళి ఎలా చేయాలి? ముందు శుభలేఖలో తిథి చూడండి

వైజాగ్, భీమిలి వైపు మా చుట్టాలవీ స్నేహితులవీ కలిపి ఆరేడు బీచ్ పెళ్ళిళ్ళు దగ్గరుండి చేయించాను. ప్రతిసారీ ఇదే వరస, మూడు నెలలు కూర్చుని డెకరేషన్ ఫొటోలు చూస్తారు, సముద్రాన్ని మాత్రం ముందురోజు సాయంత్రం వెళ్ళి ఒక్కసారి చూసొస్తారు.

తేలిక పనులు గబగబా చెప్పేస్తా. మాఘం, ఫాల్గుణం మంచి టైము. అక్టోబరు, నవంబరు తుఫాన్ల నెలలు, 2014లో హుద్‌హుద్ అక్టోబరు 12న వైజాగ్ మీదే పడింది, కాబట్టి వద్దు. పబ్లిక్ బీచ్ అయితే కార్పొరేషన్, పోలీసు పర్మిషన్లు కాగితం మీద తీసుకోండి. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా మైకు కుదరదు, సన్నాయి మేళం మైకు లేకుండానే బాగుంటుంది. జనరేటర్, బాత్రూములు, పెద్దవాళ్ళు నడవడానికి ప్లైవుడ్ షీట్లు, అంతే. భోజనాలు మాత్రం ఇసుక మీద పెట్టకూడదు. పప్పులో ఇసుక పడితే మగపెళ్ళివారు పాతికేళ్ళు చెప్పుకుంటారు.

ఇక అసలు సంగతి, మండపం ఎక్కడ వేయాలి. అందరూ పాడుచేసేది ఇక్కడే.

సముద్రానికి రోజుకి రెండు పోట్లు, రెండు ఆటులు. పోటు వచ్చే టైము రోజుకి దాదాపు యాభై నిమిషాలు ఆలస్యమవుతుంది. అంటే నిన్న సాయంత్రం ఆరింటికి మీరు చూసిన సముద్రం, రేపు తెల్లవారుజామున మీ ముహూర్తానికి ఉండే సముద్రం ఒకటి కాదు. మా పిన్ని కూతురి పెళ్ళికి డెకరేషన్ వాళ్ళు కుర్చీలు దిగబడకుండా ఉంటాయని తడి ఆరిన గట్టి ఇసుక మీద మండపం కట్టేశారు. రాత్రి పదకొండింటికి భలే ఉంది. తెల్లారి చూస్తే ముందు రెండు స్తంభాలు నీళ్ళలో ఉన్నాయి, సన్నికల్లు ఇసుకలో కూరుకుపోయి ఇద్దరు కలిసి తవ్వి తీశారు. ఇసుక గట్టిగా ఉందంటే సముద్రం అక్కడిదాకా వచ్చి వెళ్ళిందని అర్థం, అంతకంటే గుర్తు ఏం కావాలి?

మన దగ్గర ఒక సుఖం ఉంది, పోటు చంద్రుడి లెక్క, ముహూర్తంలోనూ తిథి ఉంటుంది. పౌర్ణమి, అమావాస్య చుట్టూ రెండుమూడు రోజులు పోటు బాగా పైకొస్తుంది, అష్టమి నవమి దగ్గర తక్కువ. ఇంకో కిటుకు ఏంటంటే పక్షం తిరిగేసరికి పోటు మళ్ళీ దాదాపు అదే టైముకి వస్తుంది. మీ ముహూర్తం మాఘ శుద్ధ దశమి పొద్దున ఏడింటికి అయితే పుష్య బహుళ దశమి పొద్దున ఏడింటికి వెళ్ళి నిలబడండి, పెళ్ళిరోజు సముద్రం ఎక్కడుంటుందో ఇంచుమించు కళ్ళకి కనిపిస్తుంది. పుష్యంలో ఎలాగూ ముహూర్తాలుండవు, ఖాళీయే కదా. దగ్గర్లో జాలర్లుంటే వాళ్ళనీ అడగండి, ఈవెంట్ మేనేజర్ కంటే వాళ్ళ మాట నమ్మొచ్చు.

వెళ్ళినప్పుడు ఇసుక మీద ఎండిన నాచు, గవ్వలు, చెత్త ఒక గీతలా పడి ఉంటుంది, అది మొన్నటి పోటు గీత. దానికి పైన ఇంకో పాత గీత ఉండొచ్చు, అది పెద్ద పోటుది. మండపం ఆ పై గీత కంటే కనీసం ముప్ఫై అడుగులు పైకి ఉండాలి, నా లెక్క అంతే, తగ్గించేది లేదు. ఇసుక పదిహేను అడుగులకి ఒక అడుగు వాలు ఉన్నచోట నీళ్ళు ఒక్క అడుగు ఎక్కువ లేచినా పదిహేను అడుగులు ముందుకొచ్చేస్తాయి, అలలు దాని మీద అదనం. పెళ్ళికి ముందు వారం రోజులూ హైదరాబాద్ ఇన్‌కాయిస్ (సముద్ర సమాచార కేంద్రం) ఇచ్చే అలల హెచ్చరికలు చూస్తూ ఉండండి.

తర్వాత గాలి. వధూవరులు తూర్పు ముఖంగా కూర్చుంటే సముద్రం ఎదురుగా, హోమగుండం మధ్యలో. మధ్యాహ్నం నుంచి గాలి సముద్రం మీంచి కొడుతుంది, పొగంతా పెళ్ళికూతురి కళ్ళలోకే. పొద్దున్న పెందలాడే అయితే మామూలుగా నేల మీంచి సముద్రం వైపు వీస్తుంది, పొగ అటు పోతుంది. అందుకే ఎనిమిదిలోపు ముహూర్తం తప్ప నేను ఒప్పుకోను. గోవా ఫొటోలు చూసి సూర్యాస్తమయం కావాలంటారు కొందరు, మనకి సూర్యుడు సముద్రంలోంచి పుడతాడు, దిగేది వెనక కొండల్లో, ఆ సంగతి చెప్పినా వినరు. కుర్చీలు మండపానికి రెండు పక్కలా వేయండి, వెనక వేస్తే అందరికీ వీపులే కనిపిస్తాయి.

అడ్డుతెర పలచటి పట్టుది తెస్తే తెరచాపే, పట్టుకున్న ఇద్దరూ కొట్టుకుపోతారు, కింది అంచుకి నాలుగు ఇనప నట్లు కుట్టించండి. తలంబ్రాల పళ్ళేలు లోతైనవి ఉండాలి. పూలు బంతే, గులాబీ రేకులు ఆ గాలికి అయిదు నిమిషాలు ఆగవు.

ఇంకొకటి, పోటు గీత చూసి మండపం చోటుకి గుర్తుగా ఒక కర్ర పాతండి, ఆ కర్ర దగ్గర ముందురోజు రాత్రి మీ మనిషి ఒకడు కుర్చీ వేసుకుని కూర్చోవాలి. లేకపోతే టెంట్‌హౌస్ కుర్రాళ్ళు స్తంభాలు దిగట్లేదని కర్ర పీకేసి పది గజాలు కిందకి జరిపేస్తారు. మా బాబాయి మూడు పెళ్ళిళ్ళకి కూర్చున్నాడు, ఫ్లాస్కులో టీ ఇస్తే చాలు.