లోతు బొగ్గు కోర్‌ని చదివే పద్ధతి

గోదావరి లోయలో డ్రిల్లింగ్ రిగ్ దగ్గర కొత్తగా చేరిన తమ్ముళ్లకు నేను చెప్పే మొదటి మాట: పైనున్న కామ్తి ఇసుకరాయిని చూసి విసుక్కోవద్దు. బొగ్గు ఎక్కువగా దాని కింద బరాకర్ పొరల్లో ఉంటుంది. కొన్నిచోట్ల అక్కడికి చేరాలంటే వందల మీటర్లు దిగాలి.

కోర్, అంటే బోరులోంచి తీసే రాతి కడ్డీ, పైకి రాగానే ట్రేలో వరస తప్పకుండా పేర్చి, తడిగుడ్డతో తుడిచి, వెంటనే కొలవండి. 3 మీటర్లు తవ్వితే 2.4 మీటర్లే దొరికిందా, రికవరీ 80 శాతం. పోయింది చాలాసార్లు మెత్తటి బొగ్గే. నేనొకసారి తలకిందులుగా పేర్చి, తెల్లవార్లూ టార్చి పట్టుకుని సరిచేశా. అప్పట్నుంచి ప్రతి ముక్క మీదా బాణం గుర్తు గీయందే కదలను.

తర్వాత లాగింగ్, అంటే బోరులోకి పరికరం దింపి పొరలను కొలవడం. గామా (రాయి నుంచి సహజంగా వచ్చే రేడియేషన్), డెన్సిటీ (సాంద్రత) రెండూ పడిపోతే అది బొగ్గు. మధ్యలో గామా లేస్తే షేల్ (మట్టిరాయి) పట్టీ. పోయిన ముక్కల లెక్క ఇక్కడే తేలుతుంది.

బొగ్గులోని గ్యాస్ కొలవాలంటే, అది తప్పించుకోకముందే కోర్‌ని డబ్బాలో బిగించాలి; ఆ తర్వాతే టీ.

మన దేశంలో బొగ్గు నిల్వలను 1200 మీటర్ల లోతు వరకూ లెక్కకడతారు. లెక్కలో ఉన్నంత మాత్రాన గని కాదు. పైకప్పు రాయి బలం, ఫాల్టులు (పొరలు విరిగి జరిగిన చోట్లు), నీరు, మీథేన్ చూశాకే సింగరేణి వాళ్ల అడ్రియాల గనిలో లాగా లాంగ్‌వాల్ (పొడవాటి బొగ్గు గోడను యంత్రంతో కోసే పద్ధతి) మాటెత్తండి.