ఆడకుక్కకు గర్భసంచి ఆపరేషన్: ముందు జాగ్రత్తలు, ఆ తరువాతి రెండు వారాలు

ఆడకుక్కకు పిల్లలు పుట్టకుండా చేయించే ఆపరేషన్‌లో పశువైద్యుడి పని సాధారణంగా గంట, గంటన్నరలో ముగుస్తుంది. ఆ తరువాత పది నుంచి పద్నాలుగు రోజుల పాటు సాగే పని మాత్రం పెంచుకునేవారిదే. మొదటిసారి చేయించేవారు ఆపరేషన్ అయిన రాత్రి గురించే ఎక్కువగా బెంగపడతారు కానీ, ఆ రాత్రి కుక్క చాలావరకు మత్తులోనే పడి ఉంటుంది. అసలు చిక్కు మూడో రోజునో నాలుగో రోజునో, అది తోక ఊపుతూ లేచి, ఏమీ జరగనట్టు మంచం మీదికి గెంతబోయినప్పుడు మొదలవుతుంది. పైన చర్మం అతుక్కున్నట్టు కనిపిస్తున్నా, లోపలి పొరలను పట్టి ఉంచుతున్నవి అప్పటికింకా కుట్లే.

చాలామంది దీన్ని మనుషులకు చేసే ట్యూబెక్టమీ లాంటిదే అనుకుంటారు. ట్యూబెక్టమీలో గొట్టాల దారిని మూసివేస్తారు, అండాశయాలు ఎప్పటిలాగే పనిచేస్తూ ఉంటాయి. కుక్కకు చేసే ఆపరేషన్‌లో రెండు అండాశయాలనూ, వాటితో పాటు గర్భసంచినీ తీసివేస్తారు. కొందరు వైద్యులు గర్భసంచి ఆరోగ్యంగా ఉంటే దాన్ని వదిలి అండాశయాలను మాత్రమే తీస్తారు. ఏ పద్ధతిలోనైనా అండాశయాల హార్మోన్లు ఆగిపోతాయి కనుక కుక్క ఇక ఎదకు రాదు, రక్తపు మరకలు ఉండవు, వాసన పట్టి మగకుక్కలు ఇంటి చుట్టూ చేరవు. అంతకంటే ముఖ్యమైన లాభం పయోమెట్రా భయం తొలగిపోవడం. ఎద ముగిసిన కొన్ని వారాలకు గర్భసంచిలో చీము చేరే ఈ జబ్బు వయసు మళ్లుతున్న ఆడకుక్కల్లో తరచుగా కనిపిస్తుంది, సకాలంలో పట్టుకోకపోతే ప్రాణం తీస్తుంది. దానికీ సాధారణంగా ఇదే ఆపరేషన్ చేస్తారు, కాకపోతే అప్పుడు జబ్బుతో నీరసించిన ఒంటి మీద చేయవలసి వస్తుంది. మొదటి ఎదకు ముందే చేయిస్తే రొమ్ము గడ్డల ముప్పు కూడా బాగా తగ్గుతుంది, ఎదలు గడిచేకొద్దీ ఆ రక్షణ సన్నగిల్లుతుంది. ఒక్క కాన్పయినా కానిస్తేనే కుక్క ఆరోగ్యంగా ఉంటుందనే మాటకు వైద్యపరంగా ఆధారం లేదు.

ఏ వయసులో చేయించాలన్న ప్రశ్నకు అన్ని కుక్కలకూ సరిపోయే జవాబు లేదు. పెద్దయ్యాక 20 కిలోలు మించని కుక్కలకు 5, 6 నెలల వయసులో, మొదటి ఎదకు ముందే చేయించమని ఎక్కువమంది వైద్యులు చెబుతారు. లాబ్రడార్, జర్మన్ షెపర్డ్ వంటి పెద్ద జాతులకు మాత్రం ఎముకల ఎదుగుదల చాలావరకు పూర్తయ్యేదాకా, అంటే ఇంచుమించు 9 నుంచి 15 నెలల మధ్య దాకా ఆగడం మేలని వారి అభిప్రాయం. ఎముకల చివర ఉండే ఎదుగుదల పొరలు మూసుకోవడంలో ఈ హార్మోన్ల పాత్ర ఉంది కాబట్టి, పెద్ద జాతుల్లో తొందరపడితే కీళ్ల సమస్యలు పెరిగే అవకాశం ఉంది. కుక్క ఇప్పటికే ఎదలో ఉంటే గర్భసంచికి వెళ్లే రక్తనాళాలు ఉబ్బి ఉంటాయి, రక్తస్రావం ఎక్కువ కావచ్చు. అందుకే ఎద ముగిశాక రెండు మూడు నెలలు ఆగమంటారు. ఆ మధ్యలో కొన్ని కుక్కలు చూలు లేకుండానే చూలుతో ఉన్నట్టు ప్రవర్తిస్తాయి, బొమ్మలను పిల్లల్లా పొదువుకుంటాయి, పాలు కూడా దిగవచ్చు. అది పూర్తిగా తగ్గిన తరువాతే ఆపరేషన్ చేయించాలి, లేకపోతే ఆ స్థితి మరింత కాలం సాగవచ్చు.

తేదీ ఖాయం చేసుకునే ముందు టీకాలు, నులిపురుగుల మందు సరిచూసుకోవాలి. రక్తపరీక్ష చేయించడం దండగ అనిపించవచ్చు కానీ నేను మాత్రం దాన్ని వదులుకోను. పిడుదుల వల్ల వచ్చే జ్వరం కొన్ని కుక్కల్లో పైకి కనిపించకుండానే ప్లేట్‌లెట్లను తగ్గిస్తుంది, అలాంటి కుక్కకు కోత పెడితే రక్తం ఆగడం కష్టమవుతుంది. తరువాత రెండు వారాలు స్నానం కుదరదు కనుక ఒకటి రెండు రోజుల ముందే స్నానం చేయించి బాగా ఆరబెట్టాలి. ఎదిగిన కుక్కకు సాధారణంగా 8 నుంచి 12 గంటల ముందు ఆహారం ఆపుతారు, నీళ్లు ఉదయం దాకా ఇవ్వవచ్చు. చిన్న కుక్కపిల్లలకు రక్తంలో చక్కెర పడిపోతుంది కనుక అంతసేపు పస్తు ఉంచరు, ఎన్ని గంటలన్నది వైద్యుడినే అడగాలి. మత్తులో వాంతి అయితే అది ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది, పరగడుపు నియమం అందుకోసమే. ఇంట్లో ఎవరైనా జాలిపడి ఉదయాన్నే ఒక బిస్కెట్ పెట్టి ఉంటే దాచకుండా చెప్పాలి. ఆపరేషన్ మరునాటికి వాయిదా పడితే పోయేదేమీ లేదు.

ఆపరేషన్ రోజున ముందు కుదురుగా ఉండేందుకు ఒక ఇంజెక్షన్ ఇచ్చి, ముందుకాలి నరానికి సూది పెట్టి, పూర్తి మత్తు వచ్చాక గొంతులోకి గొట్టం అమరుస్తారు. పొట్ట మీది వెంట్రుకలు గొరిగి, సాధారణంగా బొడ్డుకు దిగువన నడిమధ్యలో కోత పెడతారు. ల్యాప్రోస్కోపీ సౌకర్యం ఉన్నచోట చిన్న రంధ్రాలతోనే పని జరుగుతుంది, నొప్పి తక్కువ. ఇంటికి తెచ్చుకునే ముందు మూడు సంగతులు అడిగి రాసుకోవాలి: కుట్లు వాటంతటవే కరిగేవా లేక తీయవలసినవా, నొప్పి మందు ఎన్ని రోజులు ఎంత మోతాదులో ఇవ్వాలి, రాత్రివేళ అవసరమైతే ఎవరికి ఫోన్ చేయాలి.

మొదటి సాయంత్రం కుక్క తూలుతుంది, వణుకుతుంది, కారణం లేకుండా మూలుగుతుంది. అందులో చాలా భాగం మత్తు దిగుతున్నప్పటి అయోమయమే. గొంతులో గొట్టం ఒరుసుకున్నందువల్ల ఒకటి రెండు రోజులు పొడిదగ్గు ఉండవచ్చు. నేల మీద వెచ్చని పరుపు వేసి, మెట్లకూ ఎత్తులకూ దూరంగా, పెద్దగా వెలుతురు లేని చోట పడుకోబెట్టాలి. బాగా మెలకువ వచ్చాక కొద్దిగా నీళ్లు, అవి నిలిస్తే మామూలు తిండిలో సగమో పావో ఇస్తే చాలు. ఒకటి రెండు రోజులు మలవిసర్జన లేకపోయినా కంగారు అక్కరలేదు, ముందు రోజు నుంచి పొట్ట ఖాళీగా ఉంది కదా. నొప్పి మందు వైద్యుడు రాసిందే ఇవ్వాలి. మన అలమారలోని పారాసిటమాల్, ఐబుప్రొఫెన్ వంటివి సొంతంగా ఇస్తే కుక్కకు విషమయ్యే ప్రమాదం ఉంది.

గాయాన్ని రోజుకు రెండుసార్లు, మంచి వెలుతురులో, కుక్కను పక్కకు పడుకోబెట్టి చూడాలి. మొదటి రోజునే ఫోన్‌తో ఒక ఫొటో తీసి పెట్టుకుంటే తరువాతి మార్పులను పోల్చుకోవడం తేలిక. అంచులు కాస్త గులాబీ రంగులో ఉండడం, చుట్టూ కొద్దిగా కమిలినట్టు కనిపించడం, కుట్ల కింద గట్టిగా తాడులా తగలడం మామూలే. గాయం మీద పౌడరు, పసుపు, హైడ్రోజన్ పెరాక్సైడ్ ఏదీ వేయకూడదు. పొడిగా ఉంచడమే దానికి మందు.

అన్నిటికంటే పెద్ద శత్రువు కుక్క నాలుకే. దాని ఉమ్మి గాయాన్ని మానుస్తుందనే నమ్మకం పక్కన పెట్టి, మెడకు వేసే ప్లాస్టిక్ గరాటును కుట్ల పని అయ్యేదాకా పగలూ రాత్రీ ఉంచాలి. గరాటు అంచు ముక్కు కంటే కాస్త ముందుకు ఉండాలి, మెడ దగ్గర రెండు వేళ్లు దూరేంత వదులు ఉండాలి. ఈ పాఠం నేను చేజేతులా నేర్చుకున్నాను. నాలుగో రోజు సాయంత్రం, మెడ ఒరుసుకుపోతోందేమోనని జాలిపడి మా కుక్కకు గరాటు తీసి పక్కనే కూర్చున్నాను. ఇంతలో ఫోన్ మోగితే లేచి వెళ్లాను. పది నిమిషాల్లో తిరిగి వచ్చేసరికి అది చప్పుడు లేకుండా ముందుపళ్లతో కుట్టు ముడిని పట్టి లాగుతోంది. గాయం కింది చివర రెండు కుట్లు ఊడి, చర్మం చిన్న నోరులా తెరుచుకుంది. అదృష్టవశాత్తు లోపలి పొర చెక్కుచెదరలేదు కానీ, మళ్లీ మత్తు, మళ్లీ కుట్లు తప్పలేదు. గరాటుతో తినడం కష్టమైతే గిన్నెను కాస్త ఎత్తు మీద పెట్టాలి, తప్పనిసరై తీస్తే కళ్లముందే తీసి కళ్లముందే తొడగాలి.

కదలిక విషయంలోనూ అంతే పట్టుదల కావాలి. పది నుంచి పద్నాలుగు రోజులు పరుగు, గెంతడం, తోటి కుక్కలతో పెనుగులాట, మెట్లు పనికిరావు. మలమూత్రాలకు మాత్రం తాడు కట్టి కొద్దిసేపు బయటికి తీసుకువెళ్లవచ్చు. ఎక్కువగా కదిలిన కుక్కకు చర్మం కింద నీరు చేరి మెత్తని ఉబ్బు వస్తుంది. చాలావరకు అదే తగ్గుతుంది కానీ, అలాంటి ఉబ్బు లోపలి కుట్లు తెగి పేగులు బయటికి తోసుకురావడం వల్ల కూడా రావచ్చు కనుక వైద్యుడికి చూపించి నిర్ధారించుకోవాలి. మరీ అల్లరి కుక్క అయితే మత్తుమందు లాంటిది కొద్ది మోతాదులో ఇవ్వవచ్చేమో అడగడంలో తప్పులేదు.

వెంటనే బయలుదేరవలసిన లక్షణాలు కొన్ని ఉన్నాయి. గాయం నుంచి రక్తం చుక్కలుగా ఆగకుండా కారడం, చీము లేదా దుర్వాసన, కుట్టు విడిపోవడం, పొట్ట ఉబ్బడం, వాంతులు ఆగకపోవడం, ఒక రోజు దాటినా తినకుండా ముడుచుకుని పడి ఉండడం, జ్వరం 103 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటడం అలాంటివే. లోపలి రక్తస్రావం బయటికి కనిపించదు కనుక మొదటి రెండు రోజులు చిగుళ్లు చూస్తుండాలి. పై పెదవిని ఎత్తి చిగురును వేలితో నొక్కి వదిలితే తెల్లబడిన చోటు రెండు సెకన్లలోపు మళ్లీ గులాబీ రంగుకు రావాలి. చిగుళ్లు పాలిపోయి ఉంటే తెల్లవారేదాకా ఆగకూడదు. చిగుళ్లు నల్లగా ఉండే కుక్కలకు కింది కనురెప్ప లోపలి భాగం చూడవచ్చు.

తీయవలసిన కుట్లను సాధారణంగా పది, పద్నాలుగు రోజులకు తీస్తారు, ఆ తరువాతే స్నానం, పరుగు. అక్కడి నుంచి గమనించవలసింది బరువు. ఆపరేషన్ తరువాత ఒంటికి శక్తి అవసరం తగ్గుతుంది, ఆకలి మాత్రం పెరుగుతుంది. తిండిని కొంత తగ్గించి, నెలకోసారి తూచి, పక్కటెముకలు చేతికి తగులుతున్నాయో లేదో చూసుకుంటే కుక్క లావెక్కదు. స్వభావం మారిపోతుందని ఆశించకూడదు, అపరిచితులను చూసి మొరిగే కుక్క మొరుగుతూనే ఉంటుంది. కొన్ని కుక్కల్లో, ముఖ్యంగా పెద్ద జాతుల్లో, నెలలకో ఏళ్లకో నిద్రలో మూత్రం చుక్కలుగా కారడం మొదలవుతుంది. దాన్ని అల్లరిగా భావించి కోప్పడకూడదు, మందులతో చాలావరకు అదుపులోకి వస్తుంది. అరుదుగా అండాశయపు ముక్క ఏదైనా లోపల మిగిలిపోతే కుక్క మళ్లీ ఎదకు వచ్చినట్టు ప్రవర్తిస్తుంది. అలాంటప్పుడు మగకుక్కలకు దూరంగా ఉంచి, ఆ లక్షణాలు ఉన్న రోజుల్లోనే వైద్యుడి దగ్గరకు తీసుకువెళితే పరీక్షలో సంగతి తేలడం సులభమవుతుంది.